పదిహేడో నెంబరు చెట్టు

కాదే మనవరాలా, తుమ్మెద కాదు. తుమ్మెదనుకుంది గవరమ్మ. నువ్వు ఈ తాతకంటే ముందు పరిగెత్తి రాసేయకు. నేను నిమ్మళంగా చెప్తాను, నువ్వూ నిమ్మళంగా రాయి. అది డ్రోను. మన చింతవాగు ఒడ్డున, సరిగ్గా మాచయ్య రేవు నెత్తిమీద, మిట్టమధ్యాహ్నం గాల్లో నిలబడి రొద పెడతావుంది. గవరమ్మ చేతిలో అప్పుడే పిండిన తువ్వాలుంటే దాన్నే గిరగిరా తిప్పి, "ఫో! కుట్టేవంటే చూడు నీ పని!" అని అదిలించింది. అది కుట్టలేదు. ఫొటో తీసుకుని పోయింది. కుట్టినా బాగుండేది, ఇంత సున్నం రాసుకుంటే తగ్గిపోయేది.

గవరమ్మంటే మాచయ్య పెళ్లాం. మాచయ్యంటే మన ఊళ్లో అరవైమూడిళ్ల బట్టలు ఉతికే మనిషి. వాగు ఒడ్డంతా సర్కారుతుమ్మ పొదలే కదా, ఉతికినవన్నీ వాటిమీదే ఆరేసేవాడు. అయితే ఎలా పడితే అలా కాదు. ఏ ఇంటి గుడ్డలు ఆ ఇంటి పొదమీదే ఆరాలి. అది వాళ్ల తాత పెట్టిన పద్ధతి. ప్రెసిడెంటు గారి పొదమీద మేస్టారి తువ్వాలు పడిందంటే మాచయ్యకి ఆ పూట అన్నం దిగదు. పైగా ప్రతి గుడ్డ మూలనా జీడిగింజ రసంతో గుర్తు. ప్రెసిడెంటు గారికి రెండు చుక్కలూ ఒక గీత. మేస్టారికి మూడు చుక్కలు. మనింటికి కోడికాలు. మాచయ్యకి అక్షరమ్ముక్క రాదు గానీ ఊరంతా చదివేసేడు.

ఆ డ్రోను వచ్చిన మంగళవారం మూటలో మీ నాయనమ్మ పెళ్లిచీర కూడా ఉంది. మామిడిపండు రంగు, ఎర్రంచు. మీ మేనత్త మంగతాయారు పెళ్లి పది రోజుల్లోకి వచ్చింది మరి. మనిళ్లల్లో ఆడపిల్ల తన తల్లి పెళ్లిచీర కట్టుకునే పీటల మీద కూచోవాలి, అది మన వాడిక. ముప్పై ఏళ్లు ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పడుకున్న చీర. మీ నాయనమ్మ దాన్ని చంటిబిడ్డని అందించినట్టు అందించింది.

"మాచయ్యా, కుంకుడురసంలో ముంచి తియ్యి. బండకేసి కొట్టేవంటే నన్ను కొట్టినట్టే."

"నరసాయమ్మ గారూ, శుక్రారం ముహూర్తం పది నలభైకి కదండి. ఆ పొద్దున్నే గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మీ గుమ్మంలో పెడతాను. నా చేతిలో పెళ్లిగుడ్డ ఇప్పటిదాకా ఒక్కటీ ఆలస్యం అవలేదండి," అన్నాడు మాచయ్య.

ఈ మాట గుర్తుపెట్టుకో. కథంతా ఈ మాట మీదే నడుస్తాది.

సోమవారం పొద్దున్న జీపొచ్చి రేవులో ఆగింది. దిగినాయన పద్మనాభం గారు. ఆకాశనేత్ర పథకానికి డిప్యూటీ డైరెక్టరంట. ఆ పథకం ఏంటంటే, డ్రోన్లు తిరిగి పైనుంచి ఫొటోలు తీస్తాయి, ఏ చెట్టు ఏ జాతిదో ఒక మిషను చూసి చెప్తాది. మనుషులు కింద తిరిగి చెట్లు లెక్కపెడితే పొరపాట్లు వస్తన్నాయని, కింద తిరగడమే మానేసేరు.

ఆయన చేతిలో పలకలాంటి కంప్యూటరు. పలకని చూసేడు, పొదల్ని చూసేడు, మళ్లీ పలకని చూసేడు.

"ఇక్కడ నూట నలభైమూడు పుష్పించే వృక్షాలు ఉండాలి. ఏవి?"

"ఉండాలా బాబూ? ఎవరన్నారు?" అన్నాడు మాచయ్య.

"ఆకాశం."

మాచయ్య పైకి చూసేడు. ఆకాశం ఏమీ అనలేదు. పద్మనాభం గారు పలక చూపించేడు. అది చూడగానే మాచయ్య మొహం చాటంత అయింది.

"ఓసోస్, ఇయ్యా! గవరీ, ఇలా రాయే, మన రేవు ఎంత బాగా పడిందో! ఇదిగో బాబూ, ఇది ప్రెసిడెంటు గారి ఆవిడ ఎర్రచీర. ఇది మేస్టారి పంచి. ఈ నీలంది నా లుంగీ."

"ఎర్రచీర కాదు. మోదుగ. నిండు పూత. పంచె కాదు, తెల్ల దేవకాంచనం. లుంగీ కాదు, శంఖుపూల పొద. తొంభైనాలుగు శాతం."

"శాతం అంటే ఏంటి బాబూ?"

"నమ్మకం."

"నాకు నూటికి నూరండి. నేనే ఉతికేను."

"నీ నమ్మకాన్ని కొలిచే సాధనం ప్రభుత్వం వద్ద లేదు. మా మిషనులో ఆరువందల పన్నెండు జాతులు నమోదై ఉన్నాయి. నేను మొత్తం చదివాను. అందులో లుంగీ లేదు. లేనిది ఎలా ఉంటుంది?"

మాచయ్య తన నడుముకున్న లుంగీ వైపు చూసుకున్నాడు. ఉంది. కానీ పెద్ద ఉద్యోగస్తుడు అంత గట్టిగా చెప్తుంటే మనిషికి అనుమానం వస్తాది కదా, ఓసారి ముడి తడుముకున్నాడు.

"సరే. ఆ వృక్షాలు ఇప్పుడు ఏమయ్యాయి?"

"సాయంత్రానికి ఆరిపోతే తీసేసి ఇళ్లకి ఇచ్చేసేను బాబూ."

పద్మనాభం గారు పెన్ను తీసేడు. రాస్తా పైకే చదివేడు. "సదరు వ్యక్తి నూట నలభైమూడు వృక్షాలను ఒకే సాయంత్రం తొలగించి, ఇంటింటికీ పంచినట్లు స్వచ్ఛందంగా అంగీకరించినాడు." తరవాత తలెత్తి అడిగేడు. "ఎంతకాలం నుంచి చేస్తున్నావీ పని?"

"మా తాత కాడ్నించీ అండి. వారానికి రెండుసార్లు."

ఆయన అక్కడే బండ మీద కూలబడ్డాడు. "వారానికి రెండుసార్లు అడవి నరికేవాడివా!"

గవరమ్మకి ఒళ్లు మండింది. "నరికితే మళ్లీ వారానికి రెండుసార్లు మొలుస్తాయేటండి?"

పద్మనాభం గారు అది కూడా రాసుకున్నాడు. "పునరుత్పత్తి వేగం అమోఘం."

తరవాత సంగతి నిదానంగా బయటపడింది. ఆ ఫొటో జిల్లా దాటి, రాజధాని చేరి, మన గుమ్మళ్లపాడు వాగు ఒడ్డు 'అరుదైన పొట్టి జాతుల సంరక్షిత పుష్పవనం' అని కమిషనరు అమ్మగారి సంతకంతో ఉత్తర్వు కూడా అయిపోయింది. శుక్రవారం ఆవిడే స్వయంగా వచ్చి చూస్తారంట. వనం కనపడకపోతే మాచయ్య మీద కేసు. కనపడితే ఏ గొడవా లేదు.

"అంటే ఏం చెయ్యమంటారు బాబూ?" అన్నాడు మాచయ్య.

"యథాస్థితి. ఏ వృక్షం ఎక్కడ ఉండేదో అక్కడే, రేపు ఉదయానికల్లా ఉండాలి. తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు ఒక్క రెమ్మ కూడా కదలరాదు."

మర్నాడు తెల్లారకముందే మాచయ్యా గవరమ్మా గాడిదని తోలుకుని ఇల్లిల్లూ తిరిగేరు. ఎప్పుడూ బట్టలు తెచ్చి ఇచ్చే మనిషి ఆ రోజు, ఇచ్చిన బట్టలు మళ్లీ ఇమ్మని అడిగేడు.

ప్రెసిడెంటు వీర్రాజు గారు ముందు మహా సంబరపడ్డాడు. "మనూరు వనం అయిందా! నా పేరేమన్నా వేసేరా బోర్డు మీద?"

"ఆ సారు లెక్కలో మీ చొక్కా ముప్పైఒకటో నెంబరు చెట్టండి."

"ఏ చొక్కా?"

"ఇదేనండి, తవఁరి ఒంటిమీదది."

ప్రెసిడెంటు గారు తలుపు వెనక్కి వెళ్లి, చెయ్యి మాత్రం బయటపెట్టి ముప్పైఒకటి ఇచ్చేడు. కాసేపాగి ముప్పైరెండు కూడా ఇచ్చేడు. ఆ తరవాత మూడ్రోజులూ ఆయన ఊరి వ్యవహారాలన్నీ తలుపు వెనకాల్నుంచే నడిపేడు. మేస్టారు కిటికీ తెర కట్టుకుని బడికెళ్లేరు. ఆ తెర మీద చిలకలు. ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు మానేసి మేస్టారి చిలకలు లెక్కపెట్టేరు. నా సంగతి అడక్కు. నేను దుప్పటి.

ఒక్క గుడ్డ మాత్రం మాచయ్య రేవుకి తేలేదు. మీ నాయనమ్మ చీర. దాన్ని తన ఇంట్లో దండెం మీదే దాచి, మన పొదమీద గవరమ్మ పసుపుపచ్చ చీర పరిచేడు. రంగు రంగే కదా అనుకున్నాడు. పద్మనాభం గారు డ్రోను ఎగరేసి సరిచూసుకున్నాడు. నూట నలభైరెండు సరిగ్గా కూచున్నాయి. అదీ మాచయ్య పనితనం, పొద ఎరిగిన చెయ్యి. పదిహేడో నెంబరు దగ్గర మిషను ఆగింది.

"ఇక్కడ రేలచెట్టు ఉండాలి, నిండు పూత, అరుదైన ఎర్రంచు రకం. ఇప్పుడు ఎండుగడ్డి అని వస్తోంది. అరవై శాతం."

"ఎండుగడ్డా!" గవరమ్మ నడుం మీద చెయ్యి వేసింది. "ఓ మావా, నా చీర చూసి ఎండుగడ్డి అంటంది, వింటన్నావా? దాని కళ్లు పేలిపోను! మొన్న దసరాకి కొన్న చీరయ్యా ఇది!"

"గొడవ కాదు అమ్మా, అసలు వృక్షం ఎక్కడ?"

మాచయ్య చేతులు జోడించేడు. "బాబ్బాబు, అది పెళ్లిచీరండి. శుక్రారం పొద్దున్న పది నలభైకి పెళ్లికూతురు ఒంటిమీద ఉండాలండి. నేను మాటిచ్చేను."

"శుక్రవారం ఉదయం పది గంటలకే కమిషనరు గారి పర్యటన. జిల్లాకి ఉన్న ఏకైక ఎర్రంచు రేల అది. అది లేకపోతే మిగతావి కూడా అనుమానంలో పడతాయి. మీ ఇద్దరినీ తీసుకెళ్లి జీపు ఎక్కించాల్సి వస్తుంది."

మాచయ్య ఇంటికెళ్లి చీర తెచ్చేడు. దాన్ని పొదమీద పరిచేటప్పుడు ఒక్కో ముల్లునీ వేలితో వంచి, వంచి, దేనికీ దొరక్కుండా పరిచేడు. మీ నాయనమ్మ వచ్చి పది అడుగుల దూరంలో నిలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని మాచయ్య తరవాత నాతో అన్నాడు.

ఇంతలో పద్మనాభం గారు వొంగి ఒక చొక్కా మూల పట్టుకుని, గుర్తు చూసి నోరు తెరిచేడు. "ప్రతి వృక్షానికీ గుర్తింపు చిహ్నం! మా శాఖ తొమ్మిదేళ్లుగా చెట్లకి నెంబరు బిళ్లలు కొడుతూ ఇంకా కలెక్టరాఫీసు ఆవరణ దాటలేదు. ఇవి ఎవరు వేశారు?"

"మా తాతండి. తరవాత మా నాయన. ఇప్పుడు నేను."

"మూడు తరాల పరిరక్షణ!" అని ఆయన అక్కడికక్కడే మాచయ్యని 'క్షేత్ర నిపుణుడు' చేసేసేడు. ఉత్తర్వు రాసి చేతిలో పెట్టేడు. నిన్న అడవి నరికినవాడు ఇవాళ నిపుణుడు. రెండు కాయితాలూ ఒకే పెన్నుతో రాసేడు.

నిపుణుడికి పనులుంటాయి కదా. మొదటి పని, నీళ్లు. సంరక్షిత వనంలో చెట్లకి రోజుకి రెండుసార్లు నీళ్లు పొయ్యాలని రూలు. అమ్మడూ, నువ్వు ఆలోచించు. పుట్టిన దగ్గర్నించీ తడిసిన గుడ్డని ఆరబెట్టడమే మాచయ్య బతుకు. ఆ మనిషి చేత, ఆరిన గుడ్డల్ని బిందె పట్టుకుని తడిపించేరు. పొద్దున్న తడిపితే మధ్యాహ్నానికి ఆరతాయి. ఆరగానే మాచయ్య చెయ్యి అలవాటు కొద్దీ మడతపెట్టడానికి పోతాది. కాపలాకి పెట్టిన గార్డు విజిలేస్తాడు. మాచయ్య చెయ్యి వెనక్కి తీసుకుని, బిందె అందుకుంటాడు.

బుధవారం సాయంత్రం డ్రోను మళ్లీ వచ్చింది. ఇరవైరెండు చెట్లు కురచబడ్డాయని చెప్పింది. నూలుగుడ్డ అన్నిసార్లు తడిస్తే ముడుచుకోదా మరి! పద్మనాభం గారు కంగారుపడిపోయి "ఎదుగుదల లోపం" అని రాసేడు. దానికి రూలు వేరే ఉంది. ఎరువు. గురువారం పొద్దున్న ట్రాక్టరుతో పేడ ఎరువు వచ్చి దిగింది.

గవరమ్మ ఆ కుప్పని చూసి, పొదల్ని చూసి, నెత్తిమీద చేతులు పెట్టుకుంది. "మావా, ముప్పై ఏళ్లబట్టి మనం గుడ్డల్లోంచి తీసిన మట్టంతా పోగేసినా ఇంత లేదు కదయ్యా!"

మాచయ్య అప్పటిదాకా బతిమాలుకునే మనిషే. ఆ ఎరువు కుప్ప చూసేక ఆయనలో ఏదో కదిలింది. చేతులు జోడించడం మానేసి, పద్మనాభం గారి ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. వాళ్ల మాటల్లోనే మొదలెట్టేడు.

"బాబూ, క్షేత్ర నిపుణుడిగా చెప్తన్నాను. సదరు వృక్షాలు పూత మీద ఉన్నాయండి. పూత మీద ఎరువేస్తే రాలిపోవా? రాలితే రేపు కమిషనరు గారు తవఁర్ని అడగరా?"

పద్మనాభం గారు ఆలోచించేడు. "రాతపూర్వకంగా ఇస్తావా?"

"వేలిముద్ర ఇస్తానండి."

ఎరువు ఆగింది. మాచయ్యకి ఆ రోజు ఒక సంగతి తెలిసింది. 'ఇది గుడ్డ బాబూ' అని ఎంత మొత్తుకున్నా ఎవరి చెవికీ ఎక్కలేదు. 'ఇది చెట్టే' అని ఒప్పుకుంటే అందరూ వింటన్నారు.

శుక్రవారం. మనింటి ముందు పందిరి, బాజాలు. పెళ్లికొడుకు వాళ్లు విడిదిలో దిగిపోయేరు. మంగతాయారు పాతచీర చుట్టుకుని గుమ్మంలోకి పది సార్లు వచ్చి చూసింది. "నాన్నా, మాచయ్య వచ్చేడా?" రాలేదు. రేవు దగ్గర నూట నలభైమూడు గుడ్డలూ నీళ్లు కారతా ఉన్నాయి, కమిషనరు గారొస్తారని ఆ పొద్దున్న మూడోసారి కూడా పోసేరు.

పది గంటలకి కమిషనరు అమ్మగారు దిగేరు. లేతాకుపచ్చ నేతచీర, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. మాచయ్య ఒక్క చూపు చూసి గవరమ్మ చెవిలో అన్నాడు. "గంజి కాస్త ఎక్కువైందే. కొంగు బిగిసిపోయింది, ముళ్లకాడ ఇబ్బంది."

ఆవిడ పొదల మధ్య తిరిగేరు. ఊరంతా తాడు అవతల దుప్పట్లూ తెరలూ గోనెలూ కట్టుకుని నిలబడింది.

"అద్భుతం. పద్మనాభం గారూ, ఈ పూలకి సువాసన కూడా ఉందే!"

"ఉంది మేడమ్."

"ఏం సువాసనయ్యా ఇది?" అని నిపుణుణ్ని అడిగేరు.

"బట్టలసబ్బమ్మా," అన్నాడు మాచయ్య.

"సబ్బును పోలిన సువాసన. రాసుకోండి. ఇవి కాయలా?" చొక్కా గుండీలు పట్టుకుని చూసేరు.

"కాయలేనమ్మా. ఒక్కోదానికి ఏడు. ప్రెసిడెంటు గారి చెట్టుకి ఒకటి రాలిపోయిందండి."

ఆవిడ అలా పదిహేడో నెంబరు దాకా వచ్చి, మీ నాయనమ్మ చీర ముందు నిలబడి "ఆహా" అన్నారు. పైన డ్రోను ఆఖరి లెక్క తీస్తా తిరుగుతోంది. అప్పుడొచ్చింది వాగు మీదనుంచి గాలి. ఒక్క విసురు. అమ్మగారి కొంగు లేచి పక్క పొదమీద పడింది. గంజి కొంగు, తడి ముళ్లు. తొమ్మిది చోట్ల దొరికిపోయింది. ఆవిడ లాగబోతే పర్రుమనబోయింది.

అదే క్షణాన పలక కిణుక్కుమంది. పద్మనాభం గారు చూసేడు.

"నూట నలభైనాలుగు! కొత్త జాతి. లేతాకుపచ్చ. తొంభైతొమ్మిది శాతం!" తొంభైతొమ్మిది అనేది ఆయన ఉద్యోగంలో చూళ్లేదంట, కళ్లు చెమర్చేయి. తరవాత ఆ నెంబరు ఎక్కడుందో చూసుకుని గట్టిగా అరిచేడు. "కదలకండి మేడమ్! మీరు లెక్కలోకి వచ్చేశారు."

"ఎవరి లెక్కయ్యా?"

"ఆకాశం లెక్క మేడమ్. పైకి వెళ్లిపోయింది కూడా. తమరి ఉత్తర్వే కదా, లెక్కలో ఉన్నదాని రెమ్మైనా కదపరాదు. రోజుకి రెండుసార్లు..." అని ఆగిపోయేడు. బిందె పట్టుకున్న గార్డు డ్యూటీ ప్రకారం ఒక అడుగు ముందుకేసేడు.

"ఆగు!" అన్నారావిడ. "ఏం మాటలివి? ఇది ఉత్త నా..."

ఊరు ఊరంతా ముందుకి వొంగింది. ఆ ఒక్క మాట, 'చీర' అనే మాట ఆవిడ నోట్లోంచి పడితే చాలు. ఆవిడది చీరైతే పక్కది చీర, పక్కది చీరైతే అవతలది లుంగీ. ఆవిడకీ అది తెలిసింది. ఆవిడ సంతకంతో పైకెళ్లిన రిపోర్టు కళ్లముందు ఆడింది. మాట పళ్లదాకా వచ్చి, వెనక్కెళ్లిపోయింది. గొంతులో దిగడం కూడా కనపడింది.

మాచయ్య ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఊళ్లోనుంచి బాజాలు వినపడతన్నాయి. పది దాటి పావుగంట అయింది.

"అమ్మా, చీరైతే చెప్పండి. చిరగకుండా చిటికెలో తీస్తాను, నాకది అలవాటే. చెట్టైతే మాత్రం కాయితం లేకుండా నేను చెయ్యి వెయ్యకూడదండి. నిపుణుణ్ని. తవఁరు ఏదంటే అది."

ఆవిడ చుట్టూ చూసేరు. చిన్న గొంతుతో అన్నారు. "చెట్టే."

"చెట్టేనండి," అన్నాడు పద్మనాభం గారు ఊపిరి పీల్చుకుని. గబగబా రూళ్ల పుస్తకం తిప్పేడు. "ఉంది మేడమ్! స్థానమార్పిడి. అనివార్య పరిస్థితుల్లో వృక్షాన్ని తీసి మరోచోట నాటవచ్చు. నాటిన తర్వాత ఆకాశం నుంచి ఫొటో తీయాలి. తమరు సంతకం చేస్తే చాలు."

కాయితం వచ్చింది, పెన్ను వచ్చింది. ఆవిడ చెయ్యి చాపబోతే మాచయ్య అడ్డం పడ్డాడు.

"అమ్మా, ఎలాగూ రాస్తన్నారు కదా, అందులోనే పదిహేడు కూడా రాసేయండి."

"పదిహేడా? దాన్నెక్కడ నాటుతావు?"

"మంగతాయారు మీదండి."

పద్మనాభం గారు ఫారం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఫారం నింపడమంటే ఆయనకి ప్రాణం. "అది ఏ సర్వే నెంబరు?"

"నరసాయమ్మ గారి అమ్మాయండి."

"నీటి వసతి?"

"పొద్దున్నే మంగళస్నానం అయిందండి."

"నీడ?"

"పందిరేసేరండి."

"దీర్ఘకాలిక సంరక్షణ బాధ్యత ఎవరిది?"

"ఇవేళ పది నలభై నుంచి మొగుడిదండి."

అమ్మగారు సంతకం పెట్టేసేరు. మాచయ్య ఆవిడ కొంగుని తొమ్మిది ముళ్లమీదనుంచీ, పూరేకు విప్పినట్టు ఒక్కోటీ విప్పి చేతిలో పెట్టేడు. ఒక్క పోగు లేవలేదు. ఆవిడ కొంగు చూసుకుని "మంచి నిపుణుడివయ్యా" అని జీపెక్కేసేరు.

అప్పటికి పది ఇరవై. చీర చూస్తే నీళ్లు కారతా ఉంది. ఇస్త్రీ లేదు, గంజి లేదు, పొయ్యి రాజేసే టైము లేదు.

"గవరీ, అటు కొస పట్టుకో," అన్నాడు మాచయ్య.

ఆవిడ ఒక కొస, ఆయన ఒక కొస. ఇద్దరూ పరుగు. అరవై ఏళ్ల మనిషీ, యాభై అయిదేళ్ల మనిషీ, మధ్యలో ఆరుగజాల మామిడిపండు రంగు, గాలికి తెరచాపలా నిండి, టపటపమని కొట్టుకుంటా. వాగు ఒడ్డునుంచి బడి దాటి, రచ్చబండ దాటి, వడ్రంగి వీధి మలుపు తిరిగి. వెనకాల గాడిద. దాని వెనకాల దుప్పట్లూ గోనెలూ పట్టుకుని ఊరంతా. మేస్టారి చిలకలు కూడా ఎగురుతన్నాయి. "పదిహేడు వస్తంది! పదిహేడు వస్తంది!" అని పిల్లలు కేకలు. పందిట్లో మంత్రాలు చదివే పంతులు గారు అది చూసి ఓ మంత్రం రెండుసార్లు చదివేసేరు.

మన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ చీర ఆరిపోయింది. ఎండా, గాలీ, ఆ ఇద్దరి పరుగూ కలిసి ఆరబెట్టేసేయి. మాచయ్య రొప్పుకుంటా దాన్ని మడతపెట్టి, రెండు చేతులతో మీ నాయనమ్మకి అందించేడు. పది ముప్పైఒకటి.

"గంజి పెట్టలేకపోయేనండి," అన్నాడు.

మీ నాయనమ్మ చీర బుగ్గకి ఆనించుకుంది. "పొడిగా ఉంది మాచయ్యా. చాలు," అంది.

ఇంకా అవలేదు, పెన్ను దించకు. పద్మనాభం గారు రూలు ప్రకారం ఫొటో తియ్యడానికి డ్రోనుతో మనింటికొచ్చేడు. పందిరి అడ్డమొస్తందని నాలుగు కొబ్బరాకులు తీయించేడు. తాళి కట్టడం అయింది, బ్రహ్మముడి వేసేరు, తలంబ్రాలు మొదలయ్యేయి. డ్రోను పైన నిలబడి రొద పెడతా చూసింది. బాజాల వాళ్లు దానికి తగ్గట్టు శ్రుతి మార్చుకున్నారు. పలక కిణుక్కుమంది. పద్మనాభం గారు గొంతు సవరించుకుని పందిరంతా వినపడేట్టు చదివేడు.

"వృక్ష సంఖ్య పదిహేడు. సజీవం. ఆరోగ్యం ఉత్తమం. పసుపుపచ్చని పూత ధారాళంగా రాలుచున్నది. పక్కనుండి తెల్లపూల తీగ ఒకటి అల్లుకుని, గట్టిగా ముడిపడి ఉన్నది. విడదీయరాదు."

అందరూ అక్షింతలు వేసేసేరు. పంతులు గారు కూడా "తథాస్తు" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఊరంతా పద్మనాభం గారి ముందు లైను కట్టింది, స్థానమార్పిడి ఫారాలు పట్టుకుని. ప్రెసిడెంటు గారు ముప్పైఒకటిని తన మీదే నాటుకున్నాడు. మేస్టారు దేవకాంచనం నాటుకున్నారు. నేను లుంగీ నాటుకున్నాను, అది నాలుగు వేళ్లు కురచైంది. సాయంత్రానికి మనూరు రికార్డుల్లో 'సంచార వనం' అయిపోయింది. ఇప్పటికీ ఏడాదికోసారి ఎవరో ఒకరు ఫైలుతో వచ్చి, మేం అందరం ఉన్నామో లేదో చూసి, టిక్కులు పెట్టుకుని వెళ్తారు. వచ్చినాయన చొక్కా కూడా ఒక్కోసారి లెక్కలో పడతాది. మేం ఏమీ అనం.

మాచయ్య మాత్రం ఇప్పుడు గుడ్డలు ఆరేసేముందు ఓ నిమిషం తలెత్తి చూస్తాడు. పైన ఏమీ లేకపోతేనే పరుస్తాడు. ఏ ఇంటివి ఆ ఇంటి పొదమీదే.

అయిపోయింది. ఇదంతా ఈ ఆదివారం ఫోనులో మీ మేనత్తకి చదివి వినిపించు. పెళ్లిపీటల మీద తలొంచుకుని కూచుంది, సగం సంగతి దానికి తెలీదు. వచ్చే నెల వచ్చేటప్పుడు ఆ చీర తెమ్మని చెప్పు. ఆ రోజు పెట్టలేని గంజి పెడితే గానీ నిద్దర పట్టదంటన్నాడు మాచయ్య. ఆ తెల్లపూల తీగని కూడా వెంట తెచ్చుకోమను, విడదీయకూడదని సర్కారు కాయితం ఉంది కదా. ఇంకోటమ్మా. అక్కడ ఆ చీర ఎప్పుడు ఉతికినా సరే, ఆరేసేది మాత్రం పైకప్పు కిందే అని చెప్పు.